రెండు లోటాల పాకం

కోవిల్‌పట్టి,
2 జూన్ 2024

అంగమ్మత్తకు, నీ అన్న కూతురు దేవిప్రియ దండం పెట్టి రాసేది.

మన మాటని అరవ అక్షరాల్లో రాస్తా ఉండా. మన ఇండ్లలో మాటే గాని రాత యాడుంది? కొంచెం గట్టిగా చదువుకో అత్తా, చెవిలో పడితే అన్నీ అర్తమైపోతాయి.

ఆరేండ్లుగా నువ్వు నా ఫోన్ తీయడం లేదు. నాయన పోయిన పదహారో నాడే ఆయన మగ్గం అమ్మేసినానని కోపం. నాకు తెలుసు. తిట్టాలంటే తిట్టు, గాని ఇప్పుడు నాకు పెద్ద దిక్కని నువ్వు ఒక్కదానివే ఉండావు, అందుకే రాస్తా ఉండా.

నాకిప్పుడు ముప్పై తొమ్మిదేండ్లు, నూట ఇరవై ఆరు కిలోలు. రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకున్నా షుగర్ దిగదు. మోకాళ్ళు మాట వినవు. పోయిన నెల మిఠాయి కొట్టంలో పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయినా. ఉడికే పాకం కడాయికీ నా మొకానికీ జానెడు దూరం. ఆ రోజునుంచీ మా ఇంటాయనకి నిద్ర లేదు. మదురైలో పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినారు. ఒళ్ళు తగ్గడానికి ఆపరేషన్ చేసుకోమంటా ఉండారు, ఇట్లే వదిలేస్తే షుగరు గుండెనీ కిడ్నీలనీ తినేస్తుందంట.

దాంట్లో రెండు రకాలు. ఆమె కాగితం మీద బొమ్మ వేసి చూపించినారు. ఒకటి స్లీవ్. కడుపు సంచిని నిలువునా కోసి, ముక్కాలు బాగం తీసి పారేసి, అరటికాయంత గొట్టం మాత్రం మిగిలిస్తారు. ఇంకోటి బైపాస్. కడుపులో పైన కోడిగుడ్డంత సంచి మాత్రం వేరు చేసి, కింది పేగుని పైకి తెచ్చి దానికి అతికిస్తారు. మిగతా కడుపు లోపలే ఉంటుంది, తిండి మాత్రం దాంట్లోకి పోదు. మనిషి లోపల సన్న పేగు ఇరవై అడుగులు ఉంటుందంట అత్తా! నా ఒంట్లో ఇంత పని నడుస్తా ఉందా, ఇన్నాళ్ళూ దానికి నేను పెట్టింది బరువేనా అని అక్కడే కూర్చొని ఏడ్చేసినా.

నాకు గొంతు దాకా మంట ఎక్కుతుంది, రెండు దిండ్లు లేకుండా పండుకోలేను. స్లీవ్ చేస్తే ఆ మంట ఇంకా ఎక్కువ కావచ్చునంట. షుగర్‌కి కూడా బైపాసే మేలంట. సరే అదే చేసుకుందాం అనుకుంటే, దాంట్లో ఒక చిక్కు. బైపాస్ తరవాత తీపి ఎక్కువగా మింగితే అది నేరుగా పేగులో పడి గుండె దడదడ, చెమట, తల తిరుగుడు, కడుపు జారుడు. మనిషి మూల కూర్చోవాల్సిందే.

అత్తా, నేను బతికేదే తీపితో గదా! పన్నెండో ఏట నాయన నా నాలుక మీద మూడు బెల్లం పలుకులు పెట్టి, దేంట్లో ఉప్పుందో చెప్పమన్నాడు. ఉప్పు బెల్లంతో చేసిన శెనక్కాయ మిఠాయి రెండు నాళ్ళకే మెత్తబడిపోతుంది. ఆ రోజు నేను సరిగా చెప్పినా, నాయన నన్ను ఎత్తుకొని తిప్పినాడు. ఆ నాలుకతోనే ఈ కొట్టం నడుపుతా ఉండా. ఇప్పుడు నాలుకని కాపాడుకోవాలా, ప్రాణాన్ని కాపాడుకోవాలా? డాక్టరమ్మ ఆరు వారాల్లో చెప్పమన్నారు. నువ్వేమంటావో రాయి.

దేవి

విరుదునగర్,
9 జూన్ 2024

ఏమే దేవీ,

నీ కాగితం వచ్చింది. నాలుగు తూర్లు చదివినా. ఇరవై అడుగులని నువ్వు రాసిన చోట నిలిచిపోయినా.

చీర పద్దెనిమిది అడుగులే. అంటే దేవుడు నీ కడుపులో ఒక నిండు చీర, దాని మీద ఇంకొంచెం, మడత నలగకుండా పెట్టినాడు! ముప్పై ఒక్క ఏండ్లుగా చీరలు మడిచేదాన్ని నేను, నా కడుపులోనే ఒకటి ఉందని ఎవురూ చెప్పలేదే నాకు. సాయంత్రం స్నానం చేసేటప్పుడు కడుపు మీద చెయ్యి పెట్టుకొని చూసుకున్నా. నవ్వుకోపో.

నాకు ఒకటి చెప్పు. పేగుని తెచ్చి అతికిస్తారని రాసినావే, ఆ అతుకు ఎట్ల వేస్తారు? పడుగు అయిపోతే కొత్త పడుగుని పాతదానికి పోగు పోగుగా మెలిపెట్టి అతుకుతాం గదా. వేళ్ళకు బూడిద అద్దుకొని రెండు వేల పోగులు. ఒక్కటి జారినా గుడ్డలో సందు కనిపిస్తుంది. లోపల తడిగా, మెత్తగా ఉండే పేగుని జారకుండా పట్టుకొనే చెయ్యి ఎట్లాంటిదో! ఆ డాక్టరమ్మ వేళ్ళు చూసినావా? సన్నంగా ఉండాయా?

మంట ఎక్కువవుతుందని వాళ్ళే చెప్పేదాన్ని ఎందుకే పట్టుకోవడం? బైపాస్ చేసుకో. సాత్తూరులో బైపాస్ వేసి రోడ్డుని ఊరి పక్కకి తిప్పినప్పుడు ఊరే పోయిందని ఏడ్చినారు, ఊరు యాడికీ పోలేదు గదా.

నాలుక సంగతి. నాలుక లేకపోతే ఏమి? నాలుక లేకుండా పాకం పట్టలేవా?

ఫోన్ చేయొద్దు. రాయి.

అంగమ్మాళ్

కోవిల్‌పట్టి,
17 జూన్ 2024

అత్తకు,

ఫోన్ చేయొద్దని నువ్వు రాసిన మాట చూసి రొంబ బాదైపోయింది. కోపం ఉంటుందని తెలుసు, ఇంత ఉంటుందని తెలీదు.

పోయిన గురువారం మా ఇంటాయన మిఠాయి పెట్టెలు దించడానికి విరుదునగర్ వచ్చి, నీ మగ్గాల షెడ్డు దాకా వచ్చినారు. నువ్వు వాకిట్లో చెంబు కడుగుతా ఉండావంట. వెనకనుంచి అత్తా, అత్తా అని మూడు తూర్లు పిలిచినారంట. నువ్వు తల కూడా తిప్పకుండా లోపలికి పోయినావంట. ఆయన ఏమి చేసినారు నీకు? మగ్గం అమ్మింది నేను గదా. ఇంటికొచ్చి అన్నం తినలేదు ఆయన.

నాలుక లేకపోతే ఏమి అంటావా? మగ్గం ముందర కూర్చొని చెప్పడం సులబం. నీ చెయ్యి తీసేసి నెయ్యమంటే నేస్తావా అత్తా? నాయన బతికుంటే ఈ మాట అని ఉండడు. మగ్గం వదిలేసి కోవిల్‌పట్టికి వచ్చి, పది మంది నవ్వినా, పాకం నేర్చుకొని, దాన్ని నా నాలుక మీద పెట్టిపోయినాడు. నాకు ఆయన ఇచ్చిన ఆస్తి అదే.

అందుకే స్లీవే చేసుకుంటానని తీర్మానం చేసుకున్నా. మంట వస్తే రానీ. ఇంకో దిండు వేసుకుంటా. వచ్చే నెల ఐదో తేదీ పోయి డాక్టరమ్మకి చెప్పేస్తా.

అతుకు ఎట్ల అని అడిగినావు. కోపంగా ఉన్నా చెప్తా, నాకే ఆశ్చర్యంగా ఉంది కాబట్టి. చేత్తో కాదంట. కడుపు మీద ఐదు చిన్న బెజ్జాలు పెట్టి, పెన్ను లావు కడ్డీలు లోపలికి పంపిస్తారు. దాని కొసన కాగితాలకు పిన్ను కొట్టేదాని లాంటి యంత్రం. ఒక్క నొక్కుకి నడుమ కోస్తుంది, రెండు పక్కలా పిన్నులు వరసగా కుడుతుంది. మా పాప జోతి పదో తరగతి చదువుతా ఉంది గదా, ఫోన్లో తీసి చూపించింది. ముగ్గురం అన్నం గిన్నెలు పక్కన పెట్టేసి నోరు తెరుచుకొని చూసినాం.

దేవి

విరుదునగర్,
23 జూన్ 2024

నా తల్లీ దేవీ,

కణ్ణన్ వచ్చినాడా? నా వెనకే నిలబడి పిలిచినాడా? అయ్యో, ఇంటి అల్లుడు వాకిలి దాకా వస్తే చెంబు తీసుకొని లోపలికి పోయినానా నేను! పిల్లోడి మనసు ఎంత నొచ్చిందో.

ఇది నేను ఎవురికీ చెప్పలేదు. నాకు వినపడదే. రెండు చెవులూ పోయినాయి.

ఒక్క రోజులో పోలేదు. మా షెడ్డులో నలబై కరెంటు మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటాయి. మొదట పిట్టల కూత పోయింది. తరవాత ఫోన్లో మాట పోయింది. తరవాత మనుషులు పోయినారు. మీ నాయన శవం ముందర ఆడోళ్ళందరి నోళ్ళు తెరుచుకొని ఉండాయి, నాకు ఒక్క ఏడుపూ చెవిన పడలేదు. నేను కూడా నోరు తెరిచి ఏడ్చినా, నా ఏడుపు నాకే తెలీలేదు. పదహారో నాడు నువ్వు నాతో ఏదో చెప్పినావు, నేను తలూపినా. అది మగ్గం సంగతా? ఆ మగ్గానికి చెదలు పట్టి ఎన్నాళ్ళయింది! అమ్మితే మంచి పనే చేసినావు. దానికి ఆరేండ్లు కోపం పెట్టుకొనేదాన్నా నేను?

చెవి లేదని తెలిస్తే షెడ్డులో ఉంచరు. పోగు తెగితే మగ్గం చప్పుడు మారుతుంది, నేసేవాళ్ళు దాన్ని చెవితోనే పట్టుకుంటారు. నాకు ఆ చప్పుడు వినపడకుండా పోయినప్పుడు, ఒక వారం ఊరికూరికే మగ్గం నిలిపి పోగులు చూసుకున్నా. ఒక రోజు చెప్పులు విప్పి నిలబడినా. నేలలోనుంచి మగ్గం కాలికి తెలిసింది. అరచెయ్యి పక్క దూలం మీద పెట్టినా. పోగు తెగింది, చెయ్యిలో చీమ కుట్టినట్టు తెలిసింది. పోయి చూస్తే నిజంగానే తెగి ఉంది! దేవీ, ఆ రోజు నాకు ఒళ్ళంతా పులకరించింది. చెవి లేకపోతే నాకు ఇంకో చెవి ఉందని ఎవురు పెట్టినారు ఈ ఒంట్లో? అప్పటినుంచీ చెప్పులు లేకుండానే పని. మా ఓనర్ దామోదరసామి, నాకు మగ్గం మీద బక్తి అనుకొని, చిన్న పిల్లలకి నన్ను చూపించి బుద్ది చెప్తాడు. నేను కూడా బక్తిగానే మొకం పెట్టుకుంటా.

నీ చెయ్యి తీసేస్తే నేస్తావా అని అడిగినావు. చెవి తీసేసినారు, నేస్తానే ఉండా. అందుకే నాలుక లేకపోతే ఏమి అని రాసినా. నా సంగతి దాచిపెట్టి ఆ ఒక్క మాట రాస్తే నీకు కత్తి మాదిరి తగిలి ఉంటుంది. తప్పు నాదే.

ఇప్పుడు నేను చెప్పే పని ఒకటి చెయ్యి. ఇక్కడ శనివారం శనివారం తెగిన నూలుని సంచిలో వేసి తూకం వేస్తాం. ఏ మగ్గం ఎంత పాడు చేసిందో అప్పుడే బయటపడుతుంది, అంతదాకా ప్రతి ఒక్కరూ నాది కొంచమే అంటారు. నువ్వు రెండు లోటాలు పెట్టుకో. ఒక రోజంతా, నోట్లో ఏది వేసుకున్నా, సరిగా అంతే ఇంకో ముక్క తీసి ఒక లోటాలో వెయ్యి. ఆ రుచి చూసినాక నీ పని మారితే, అంటే బెల్లం వద్దన్నా, మంట తగ్గించినా, ఒకటో లోటా. ఏమీ మారకపోతే రెండో లోటా. సాయంత్రం తూకం వేసి నాకు రాయి. అప్పుడు నీకు నచ్చిన ఆపరేషన్ చేసుకో, నేను నోరెత్తను.

నీ చిన్నప్పుడు మీ నాయన మొదటి పాకం సరిగా కుదిరిన రోజు, ముక్క తీసి నా చెవి దగ్గర పెట్టి, "అంగమ్మా, విను" అని టప్పని విరిచినాడు. ఆ చప్పుడు మాత్రం నాకు ఇంకా లోపల ఉంది.

అత్త

కోవిల్‌పట్టి,
30 జూన్ 2024

అత్తా,

నీ కాగితం నేను చదవలేకపోతే జోతి చదివింది. చెప్పులు విప్పిన చోటు దాంతో రెండు తూర్లు చదివించుకున్నా. ఆరేండ్లు, అత్తా! ఫోన్ మోగి మోగి ఆగిపోయిన ప్రతిసారీ నేను నిన్ను మనసులో తిట్టుకున్నా. దాని వెలుగు చూసి నువ్వు పక్కకి తిరిగి ఉంటావు గదా. గట్టిగా చదువుకో అని కూడా రాసినా నేను. నన్ను చెప్పుతో కొట్టాలి.

రెండు లోటాలూ పెట్టినా.

శుక్రవారం తెల్లారి ఆరుకి మొదలు. బండి మీద మూడు రకాల బెల్లం వచ్చింది. మూడు పలుకులు నాలుక మీద వేసుకున్నా, మూడోది ఉప్పు తగిలింది, వెనక్కి పంపినా. అంతంత పలుకులే ఇంకో మూడు ఒకటో లోటాలో వేసినా. తరవాత పొయ్యి. మొదటి కడాయి పాకం గరిటె కొస నాకినా. పని ఏమీ మారలేదు, రెండో లోటా. శెనక్కాయ వేయించింది గుప్పెడు, రెండో లోటా. పరిచిన మిఠాయి అంచు విరిగింది, రెండో లోటా. రెండో కడాయి, మూడో కడాయి, ఒకరు పలకరిస్తే ఒక ముక్క, ఎవురూ పలకరించకపోతే ఒక ముక్క. పదకొండుకి రెండో లోటా నిండిపోయింది. ఇంకోటి పెట్టినా. మూడుకి అది కూడా నిండింది. సాయంత్రం దాకా పెద్ద గిన్నె పెట్టుకోవాల్సి వచ్చింది.

కొట్టంలో త్రాసు ఉంది గదా. ఒకటో లోటా తూకమే చూపించలేదు. ముల్లు కదల్లేదు. రెండో లెక్క, రెండు లోటాలూ గిన్నే కలిపి, ఐదు వందల నలబై గ్రాములు.

అత్తా, నేను మళ్ళీ తూకం వేసి చూసినా. అన్నం తగ్గించినా, దోసెలు మానేసినా, ఆదివారం ఉపవాసం ఉన్నా, ఒళ్ళు ఎందుకు దిగదని ఇరవై ఏండ్లుగా దేవుణ్ణి అడుగుతా ఉండా. రోజుకి అర కిలో పైన! ఇదంతా రుచి చూడడం అనుకున్నా, పని అనుకున్నా. నాయన నా నాలుక మీద పెట్టింది మూడు పలుకులే. తక్కిందంతా నేనే పెట్టుకున్నా.

దానికి పైన ఇంకో ఆశ్చర్యం. రోజుకి అర కిలో బెల్లం పోసినా ఈ ఒళ్ళు ఇన్నేండ్లు నన్ను నిలబెట్టింది గదా. ఎంత ఓర్చుకుందో! దాన్ని రోజూ తిట్టుకున్నా నేను, అద్దంలో చూసి చీ అన్నా.

ఐదో తేదీకి ముందే పోయి చెప్పేసినా. బైపాస్. ఆవగింజంత మూడు పలుకులు నాలుక మీద వేసుకొని నోరు కడుక్కుంటే ఏమన్నా అవుతుందా అని అడిగినా. ఆమె నవ్వి, అది కాదమ్మా బాద పెట్టేది, గరిటె నాకేదే అన్నారు. జూలై ఇరవై రెండు తేదీ ఇచ్చినారు. ఆమె వేళ్ళు చూసినా. సన్నంగా లేవు, మన వేళ్ళ మాదిరే మొద్దుగా ఉండాయి.

నువ్వు కూడా రా అత్తా, నాకు బయంగా ఉంది.

దేవి

విరుదునగర్,
6 జూలై 2024

దేవీ,

ఐదు వందల నలబై! మా షెడ్డులో అంత పాడు చేసే మగ్గం ఉంటే దాన్ని ఎప్పుడో పాత ఇనుముకి వేసేసి ఉంటారు. చదివి నవ్వినా, తరవాత నువ్వు ఒళ్ళు గురించి రాసింది చదివి ఏడ్చినా.

నేను రాను. ఆస్పత్రిలో పేరు పెట్టి పిలుస్తారు, పరుగెత్తి రమ్మంటారు, నాకు వినపడక ఏదైనా తప్పిపోతే నన్ను నేను క్షమించుకోలేను. కణ్ణన్ ఉండాడు, చాలు. ఆ రోజు నేను మగ్గం మీద చెయ్యి పెట్టుకొనే ఉంటా. నీ లోపల అతుకు వేసేటప్పుడు ఇక్కడ నా పోగు ఒక్కటి కూడా తెగకూడదని మొక్కుకున్నా.

బయపడు, పరవాలేదు. బయపడతానే పో.

అత్త

కోవిల్‌పట్టి,
29 సెప్టెంబర్ 2024

అత్తా,

ఆస్పత్రినుంచి వచ్చినాక నాలుగు ముక్కలు రాసి పంపినా, అది ఉత్తరమే కాదు. ఈ రోజు నిండుగా రాస్తా ఉండా.

మొదట నీ పోగు సంగతి. ఒక్కటి కూడా తెగలేదని నువ్వు రాసిన కార్డు నా దిండు కింద పెట్టుకున్నా. నా అతుకు కూడా జారలేదు. మూడో రోజు నర్సు షుగర్ చూసి, మళ్ళీ చూసి, ఇంకో యంత్రం తెచ్చి చూసింది. నూట ముప్పై! ఒళ్ళు ఇంకా ఒక్క కిలో కూడా దిగలేదు, అయినా ఇన్సులిన్ ఆపేసినారు. పేగు దారి మారిస్తే షుగర్ ఎట్ల దిగుతుందని డాక్టరమ్మని అడిగినా. కొంత తెలుసు, కొంత మాకే ఇంకా తెలీదు అన్నారు. అంత చదువుకున్నామె తెలీదు అంటే నాకు ఎందుకో దైర్యం వచ్చింది. గొంతు మంట లేదు. ఒకే దిండు. మొన్నటికి నూట మూడు కిలోలు. మాత్రలు మాత్రం బతికినంత కాలం మింగాలి, ఇడ్లీ ఒకటి తినడానికి అరగంట పడుతుంది.

పోయిన వారం కొట్టంలోకి పోయినా. తప్పు చేయలేదని అబద్దం చెప్పను. మొదటి రోజే చెయ్యి తనంతట తానే గరిటె తీసి నోట్లో పెట్టింది. ఒకటి కాదు, మాటల్లో పడి నాలుగైదు గరిటెలు. పావుగంటకి గుండె మద్దెల కొట్టింది, చెమటతో తడిసి శెనక్కాయ మూటల మీద పండుకున్నా. మా ఇంటాయన అన్ని గరిటెలూ దాచిపెట్టినారు, పాకం దేంతో కలిపేది అని అరిస్తే మళ్ళీ ఇచ్చినారు.

మరుసటి రోజు బెల్లం బండి వచ్చింది. ఆవగింజంత పలుకు నాలుక మీద వేసుకున్నా. అత్తా, ఏం చెప్పేది! ఇన్నాళ్ళూ తీపి మీద తీపి పోసి మొద్దుబారిన నాలుక, రెండు నెలలు ఊరికే ఉండేసరికి కొత్తగా లేచింది. తీపికి ముందే ఉప్పు తెలిసింది, ఉప్పు వెనక చెరుకు తోట మట్టి కూడా తెలిసింది. పన్నెండో ఏట తెలిసినట్టే. నాలుక పోతుందని ఏడ్చినా గదా, తిరిగి వచ్చింది.

తరవాత పాకం. నాకలేదు. నీళ్ళలో వేసి తీసినా. అప్పుడు నువ్వు గుర్తొచ్చినావు. రెండు చెవుల్లో దూది పెట్టుకున్నా. కొట్టమంతా నిశ్శబ్దమైపోయింది. ముక్కని రెండు వేళ్ళ నడుమ పెట్టి విరిచినా. లేతగా ఉంటే వంగుతుంది, ముదిరితే పొడి అవుతుంది. ఇది టక్కున తెగింది, ఆ తెగిన దెబ్బ వేళ్ళనుంచి మోచెయ్యి దాకా పోయింది. చెవి లేకుండా విన్నా అత్తా. నువ్వు ఇన్నేండ్లుగా ఉండే చోటికి ఒక్క నిమిషం వచ్చి పోయినట్టు ఉంది. దూది తీయబుద్ది కాలేదు.

దీంతో ఒక పొట్లం పంపుతా ఉండా. ఆ కడాయి మిఠాయే. తినొద్దు మొదట. నాయన నీ చెవి దగ్గర విరిచినాడు గదా, నువ్వు వేళ్ళతో విరిచి చూడు.

గురువారం మా ఇంటాయన వస్తారు. ఈసారి నీ ఎదురుగా వచ్చి నిలబడి చెయ్యి ఊపుతారంట, వాకిట్లోనే అబ్యాసం చేస్తా ఉండారు. నీ చెవులు కూడా మదురైలో ఒకసారి చూపిద్దాం. వద్దనొద్దు. నాకు రెండు లోటాలు పెట్టమన్నావు, నేను పెట్టినా గదా.

నీ దేవి

విరుదునగర్,
6 అక్టోబర్ 2024

దేవీ,

కణ్ణన్ వచ్చినాడు. వీది మొదట్లోనుంచే రెండు చేతులూ ఊపుకుంటా వచ్చినాడు, వీదిలో వాళ్ళందరూ ఎవురికో ఏదో అయిందని బయటికి వచ్చేసినారు. మొకం తేటగా ఉంది. బోంచేసి పోయినాడు.

చెవి డాక్టర్ సంగతి దీవాళి పోయినాక చూద్దాం. ఇప్పుడు చీరల పని ముమ్మరంగా ఉంది.

పొట్లం విప్పి, చెప్పులు విప్పి, తలుపు వేసుకొని కూర్చున్నా. ఒక ముక్క తీసి విరిచినా.

విన్నా.

నిజమేనా అని ఇంకోటి కూడా విరిచినా.

అంగమ్మత్త